ముందు కడుపుకు సాధన, తర్వాతే డబ్బా

ఉదయం ఆరున్నరకు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని ఏడింటికల్లా మైదానంలోకి దిగే కుర్రవాళ్లను అనంతపురంలో రోజూ చూస్తుంటాను. ఎనిమిది కొట్టేసరికి వాళ్లలో ఎవరు పక్కకు వెళ్లి మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి నిలబడతారో ముందే చెప్పగలను. కడుపు కుదుటపడ్డాక వాళ్లు బజ్జీల ఊసెత్తరు. "సార్, ఏ పౌడరు వాడితే మంచిది?" అని అడుగుతారు.

వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. కొన్నేళ్ల కిందట ఒక ఏప్రిల్ ఉదయం 21 కిలోమీటర్ల పరుగుకు దిగాను. జేబులో మూడు జెల్ పొట్లాలు (పరుగులో మింగే చిక్కని తీపి ముద్ద), చేతిలో ఒక సీసా. లీటరు నీళ్లకు కలపాల్సిన పౌడరును అర లీటరులో కలిపాను, రెట్టింపు బలం వస్తుందని. అంతకు ముందు ఆ జెల్ రుచి ఎలా ఉంటుందో కూడా తెలియదు. పద్నాలుగో కిలోమీటరు దగ్గర కడుపులో సగం నిండిన బిందె మోస్తున్నట్టు గుడగుడ మొదలైంది. పదిహేనో కిలోమీటరు రాకముందే రోడ్డు దిగి కంపచెట్ల వెనక్కి వెళ్లాను. ఆ పరుగు ఎంతసేపట్లో ముగించానని ఎవరైనా అడిగితే చెప్పను. అందులో కంపచెట్ల వెనక గడిపిన సమయం కూడా ఉంది.

తర్వాత తెలిసింది, ఇది నా ఒక్కడి కథ కాదని. దూరపు పరుగులు పరుగెత్తేవారిలో మూడో వంతు నుంచి సగం మంది దాకా ఎప్పుడో ఒకప్పుడు కడుపు ఉబ్బరమో, వికారమో, విరేచనమో ఎదుర్కొన్నవారే. ఈ బాధను చాలావరకు తగ్గించుకోవచ్చు. అందుకు ఏ వరుసలో ఏం చేయాలో చెబుతాను. వరుస ముఖ్యం. పౌడర్లు, మాత్రలు లాంటి సప్లిమెంటు డబ్బాలు చివర వస్తాయి.

అసలు లోపల ఏం జరుగుతుంది

కూర్చుని ఉన్నప్పుడు గుండె పంపే రక్తంలో అయిదో వంతుకు పైగా జీర్ణాశయానికి, పేగులకు, కాలేయానికి వెళుతుంది. గట్టిగా పరుగెత్తడం మొదలుపెట్టగానే ఆ రక్తం తొడల కండరాలకు, ఒంటిని చల్లబరచడానికి చర్మానికి మళ్లుతుంది. పరుగు తీవ్రతను బట్టి పేగులకు అందే రక్తం 80 శాతం వరకు తగ్గిపోవచ్చు. కాలువ తెగిన చివరి మడి పరిస్థితి పేగులది. లోపలి పొరలోని కణాలు ఆక్సిజన్ అందక దెబ్బతింటాయి, వాటి మధ్య అతుకులు వదులవుతాయి. పేగులోనే ఉండిపోవాల్సిన బ్యాక్టీరియా తాలూకు విషపదార్థాలు రక్తంలోకి జారతాయి. పొట్టలోని ఆహారం కిందికి కదలడమూ నెమ్మదిస్తుంది.

దీనికి ఎండ తోడైతే రెండింతల బాధ. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 39 డిగ్రీలు దాటాక పేగుల పొర మరింత వదులవుతుంది. మే నెలలో 42, 43 డిగ్రీలు చూసే కర్నూలు, కడపల్లో సాధన చేసేవారు చల్లని ఊళ్లవారి కొలతలను గుడ్డిగా పాటించకూడదని అందుకే అంటాను. వేసవిలో మీ మొదటి సప్లిమెంటు గడియారం. అయిదున్నరకు మొదలుపెట్టండి. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు ఇవ్వండి. ఆ రోజుల్లో వేగం గురించి పట్టించుకోకండి.

మొదటి పని: రెండు వారాలు ఏమీ కొనకండి

ఒక నోటుపుస్తకం తీసుకోండి. ప్రతి సాధన రోజూ నాలుగు సంగతులు రాయండి: ముందు రాత్రి ఏం తిన్నారు, ఉదయం ఏం తిన్నారు, తిన్న ఎంతసేపటికి పరుగు మొదలైంది, కడుపు ఎలా ఉంది. కడుపుకు సున్నా నుంచి పది దాకా అంకె వేయండి. సున్నా అంటే ఇబ్బందే లేదు, పది అంటే ఆగిపోవాల్సి వచ్చింది. ఆ రోజు పరీక్షలని, నిద్ర సరిగా లేదని, నెలసరి అని ఏదైనా ఉంటే అదీ రాయండి. బెంగ కూడా కడుపు మీదే పడుతుంది.

నా పుస్తకంలో పదో రోజుకే ఒక సంగతి బయటపడింది. ఆరు దాటిన అంకెలన్నీ ముందు రాత్రి సంగటి, గోంగూర పప్పు తిన్న మర్నాటివే. మా ఇంట్లో చెబితే నమ్మలేదు. సంగటి తింటే బలం గదా అన్నారు. బలమే. కానీ రాగుల్లో 100 గ్రాములకు సుమారు 11 గ్రాముల పీచు ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాముల లోపే. మామూలు రోజుల్లో ఆ పీచే పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు తిండి. మర్నాడు రెండు గంటల పరుగు ఉందంటే మాత్రం అదే పీచు, రక్తం అందని పేగుల్లో బరువై కూర్చుంటుంది.

రెండో పని: ముందు రోజు, ఆ ఉదయం

గట్టి సాధనకు లేదా పోటీకి ఒక రోజు ముందు నుంచి పీచు తగ్గించండి. సంగటికి బదులు అన్నం. పప్పుకు బదులు పలుచని చారు. ఉల్లి, వెల్లుల్లి దట్టించిన కూరలు, శనగలు, అలసందలు, క్యాబేజీ ఆ ఒక్క రోజుకు పక్కన పెట్టండి. వీటిలోని కొన్ని పిండిపదార్థాలు చిన్నపేగులో అరగక కిందికి జారి పులిసి గ్యాసు పుట్టిస్తాయి. పరుగు అయిపోయిన మర్నాటి నుంచి సంగటి, వేరుశనగ చట్నీ మామూలే. వాటిని రోజూ మానేస్తే పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను పస్తు పెట్టినట్టవుతుంది.

ఉదయం పరుగుకు రెండు మూడు గంటల ముందు తినగలిగితే ఇడ్లీ, బెల్లంతో అటుకులు లేదా ఉప్పు వేసిన మెత్తని అన్నం తినండి. ఉగ్గాని మీద నాకు కోపం లేదు. బొరుగులు చాలా తేలికగా అరుగుతాయి. నూనె, పచ్చిమిర్చి, ఉల్లిపాయలు, పుట్నాల పొడి, పక్కన బజ్జీ చేరేసరికే చిక్కు. నూనె పొట్టను ఖాళీ కానివ్వదు, కారం మంట పెడుతుంది. అయిదున్నరకే పరుగు అయితే రెండున్నరకు లేచి తినమని నేను చెప్పను. అరగంట ముందు ఒక అరటిపండో, రెండు మూడు ఖర్జూరాలో చాలు. పులివెందుల వైపు నుంచి వచ్చే అరటి మనకు ఏడాది పొడవునా దొరుకుతుంది. బాగా మాగినది చూసి తీసుకోండి, పచ్చిది అరగదు.

మూడో పని: చెమటను తూచడం

దీనికి తూకం యంత్రం ఉంటే చాలు. పరుగుకు ముందు మూత్రానికి వెళ్లివచ్చి, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. పరుగు అయ్యాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడండి. ఒక కిలో తగ్గితే ఒక లీటరు చెమట పోయిందని లెక్క. మధ్యలో తాగిన నీళ్లను దానికి కలపండి.

ఒక లెక్క చూద్దాం. ముందు 64 కిలోలు, 75 నిమిషాల తర్వాత 62.6. మధ్యలో అర లీటరు తాగారు. పోయిన చెమట 1.4 లీటర్లు కాదు, 1.9 లీటర్లు. అంటే గంటకు లీటరున్నర. అంతా పరుగులోనే తాగేయాలని చూడకండి, ఏ పొట్టా ఊరుకోదు. పరుగెత్తుతూ గంటకు 400 నుంచి 800 మిల్లీలీటర్ల దాకా చాలామంది తట్టుకుంటారు. బరువులో రెండు శాతానికి మించి తగ్గకుండా చూసుకుంటే చాలు, ఈ లెక్కలో 1.3 కిలోలు. పరుగు అయ్యాక బరువు పెరిగి ఉంటే మాత్రం అది ప్రమాదం. అతిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి. ప్రాణం మీదికీ రావచ్చు.

2024లో దులీప్ ట్రోఫీ మ్యాచులు ఇక్కడి ఆర్డీటీ మైదానంలో జరిగాయి. క్రికెట్‌లో పానీయాలకు విరామం ఉంటుంది. పరుగులో ఉండదు, కదులుతూనే తాగాలి. కాబట్టి ఒకేసారి గ్లాసుడు కాకుండా పది పదిహేను నిమిషాలకోసారి మూడు నాలుగు గుక్కలు తాగడం సాధనలోనే అలవాటు చేసుకోండి.

నాలుగో పని: కడుపుకు సాధన

కండరాల్లాగే పేగులూ సాధనకు లొంగుతాయి. ఈ సంగతి తెలియక నేను జెల్ పొట్లాలను తిట్టుకుంటూ ఏళ్లు గడిపాను. పేగు గోడల్లో గ్లూకోజును లోపలికి మోసే ద్వారాలు ఉంటాయి. వాటి గుండా గంటకు సుమారు 60 గ్రాములే వెళ్లగలదు. పండ్లలో ఉండే చక్కెర ఫ్రక్టోజు వేరే ద్వారం గుండా వెళుతుంది. రెండూ కలిపి ఇస్తే గంటకు 90 గ్రాముల దాకా తీసుకోవచ్చు. పరుగులో తరచూ చక్కెర అందిస్తూ ఉంటే కొన్ని వారాల్లో ఆ ద్వారాల పనితనం పెరుగుతుంది, పొట్ట కూడా త్వరగా ఖాళీ కావడం నేర్చుకుంటుంది.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్లండి. మనం కాఫీలో వేసుకునే చక్కెర సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. ఖరీదైన పొట్లం మీద గొప్పగా రాసుకునే 'రెండు రకాల చక్కెరలు' మీ పోపుల డబ్బా పక్కనే ఉన్నాయి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 60 గ్రాముల చక్కెర, అంటే సుమారు అయిదు పెద్ద చెంచాలు కలపండి. పావు చిన్న చెంచా ఉప్పు వేయండి. అందులో సుమారు 600 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. అర నిమ్మకాయ పిండండి. రుచి చూస్తే 'ఇంకొంచెం తీపి ఉంటే బాగుండు' అనిపించాలి. అలా అనిపించిందంటే కొలత కుదిరినట్టే. షర్బత్‌లా కమ్మగా ఉంటే చిక్కదనం మించింది. నూటికి ఎనిమిది పాళ్లు దాటిన చక్కెర నీళ్లు పొట్టలో నిలిచిపోతాయి, ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతాయి. నా రెట్టింపు బలం నన్ను కంపచెట్ల దారి పట్టించింది ఇలాగే.

సాధన గంట లోపు అయితే ఇవేవీ అక్కర్లేదు, నీళ్లు చాలు. గంట దాటే సాధనలు వారానికి ఒకటి రెండు ఉంటాయి కదా, వాటిలోనే ఇది చేయండి. మొదటి వారం గంటకు 30 గ్రాముల చక్కెర, అంటే పై పానీయం అర లీటరు. నోటుపుస్తకంలో కడుపు అంకె మూడు దాటకపోతే రెండో వారం 40, ఆపై 50. దాటితే అదే మోతాదులో ఇంకో వారం ఆగండి. 21 కిలోమీటర్లకు గంటకు 30 నుంచి 60 గ్రాములు సరిపోతాయి. 90 గ్రాముల గోల రెండున్నర గంటలు దాటే పరుగులకే. మొత్తం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కాబట్టి పోటీ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని మొదలుపెట్టండి.

జెల్ వాడాలనిపిస్తే వాడండి, మోయడానికి తేలిక. కానీ జెల్ మింగాక మామూలు నీళ్లే తాగాలి, తీపి పానీయం తాగకూడదు. కడుపు బాగా మొరాయించిన రోజున తీపి నీళ్లు నోట్లో పోసుకుని అయిదారు సెకన్లు పుక్కిలించి ఉమ్మేయండి. నోటికి చక్కెర తగిలితే మెదడుకు కొంత హుషారు వస్తుంది. గంట పరుగులో ఇది నిజంగా పనిచేస్తుంది. మధుమేహం ఉన్నవారు ఈ చక్కెర లెక్కలను, బీపీ, కిడ్నీ ఇబ్బందులు ఉన్నవారు ఉప్పు లెక్కలను డాక్టరును అడగకుండా పాటించవద్దు.

కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్ గురించి ఒక మాట. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. చెమటలో ప్రధానంగా పోయేది సోడియం. అందుకే కొబ్బరినీళ్లలో చిటికెడు ఉప్పు వేసి పరుగు తర్వాత తాగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. నీళ్లను, ఉప్పును తిరిగి ఇవ్వడానికి అది అద్భుతం, కానీ పరుగుకు ఇంధనం కాదు. ఆ పేరు పెట్టుకుని అమ్మిన చిక్కని తీపి పానీయాలు వేరే సంగతి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆ సూత్రానికి తగని పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశించింది.

అయిదో పని: ఇప్పుడు డబ్బాలు, ఒక్కొక్కటిగా

నియమం ఒక్కటే. ఒకసారికి ఒక్క కొత్త వస్తువు, కనీసం రెండు వారాలు. ఒకే రోజు మూడు మొదలుపెడితే కడుపు చెడగొట్టింది ఏదో తెలియదు.

పాల విరుగుడు నుంచి తీసే వే ప్రొటీను తాగితే గ్యాసు పడుతోందంటే సాధారణంగా దోషం ప్రొటీనుది కాదు, అందులోని పాల చక్కెర లాక్టోజుది. మన దక్షిణాదిన పెద్దయ్యాక పాలు సరిగా అరగనివారు చాలామంది. సాధన లేని రోజున ఉత్త పాలు ఒక గ్లాసు తాగి చూడండి, తెలిసిపోతుంది. పాలు పడకపోతే లాక్టోజు తక్కువగా ఉండే ఐసొలేట్ రకం ఉంది, లేదా గుడ్లు, పెరుగు ఉన్నాయి. ఆటగాడికి రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 2 గ్రాముల ప్రొటీను కావాలి. మా వైపు చెనిక్కాయలనే వేరుశనగల్లో 100 గ్రాములకు 25 గ్రాముల ప్రొటీను ఉంది. దాంతోపాటు 48 గ్రాముల దాకా నూనె కూడా ఉంది. కాబట్టి అవి సాయంత్రానికి సరి, పరుగుకు ముందు కాదు. ప్రొటీను ఏదైనా పరుగు తర్వాతే.

కండబలానికి వాడే క్రియాటిన్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు. మొదటి వారం రోజుకు 20 గ్రాములు వాడమంటారు, అదేమీ తప్పనిసరి కాదు. ఒకేసారి పది గ్రాములు వేసుకుంటే విరేచనాలయ్యే అవకాశం పెరుగుతుంది. దూరపు పరుగువారికి దీని అవసరం తక్కువ.

మంచి బ్యాక్టీరియా ఉండే ప్రొబయోటిక్ గుళికలకు జలుబు, దగ్గు తగ్గించే విషయంలో కొంత ఆధారం ఉంది. అది కూడా బ్యాక్టీరియా రకాన్ని బట్టి. కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టాలి, మొదటి రోజుల్లో గ్యాసు రావచ్చు. ఇంటి పెరుగులోనూ బ్యాక్టీరియా ఉంటుంది కానీ ఏ రకం, ఎంత అన్న లెక్క ఉండదు. నేనైతే పెరుగుతోనే సరిపెట్టుకుంటాను. గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం, జున్నుపాల పొడి, పసుపులోని కర్క్యుమిన్ పేగుల పొరను కాపాడతాయని చిన్న చిన్న ప్రయోగాల్లో కనిపించింది. అయితే ఫలితాలు ఒక్క తీరుగా లేవు. అమ్మేవాడి గొంతులో ఉన్నంత నమ్మకం వాటి మీద ఇంకా పెట్టుకోలేం.

విటమిన్ సి రోజుకు 2 గ్రాములు దాటితే విరేచనాలు కావచ్చు. మెగ్నీషియం మాత్రలు కొన్ని భేదిమందు లాంటివే. 'చక్కెర లేని' ప్రొటీన్ బార్లలో తీపి కోసం వాడే సార్బిటాల్ వంటివీ అంతే. కాఫీ పెద్దపేగును కదిలిస్తుంది, కాబట్టి ఇంట్లోనే తాగి ఆ పని కూడా ఇంట్లోనే ముగించుకోండి. ఇనుము మాత్రలు, ముఖ్యంగా ఆడపిల్లలకు, రక్తపరీక్షలో లోటు తేలాకే. మలబద్ధకం చేస్తే రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి, అలా వేసుకుంటే ఒక్కో మాత్రలోని ఇనుము మెరుగ్గా ఒంటబడుతుంది. టీకి, మాత్రకు మధ్య గంట ఎడం ఉంచండి.

డబ్బా మీద పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు చూడండి. కానీ ఆ నంబరు ఉన్నంత మాత్రాన నిషిద్ధ పదార్థాలు లేవని కాదు. రాష్ట్ర, జాతీయ పోటీలకు వెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి. మూత్ర పరీక్షలో ఏదైనా దొరికితే 'నాకు తెలియదు సార్' అన్న మాట జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా ముందు చెల్లదు. మీ ఒంట్లో ఉన్నదానికి బాధ్యులు మీరే.

ఆరో పని: నొప్పి మాత్ర మానేయడం

ఎంపిక పోటీల ఉదయం జేబులోంచి మాత్ర తీసి, ఖాళీ కడుపున గుటుక్కున మింగే పిల్లలను చూస్తే నాకు బజ్జీ తినేవాళ్లే నయమనిపిస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి పొట్టనూ పేగులనూ కాపాడే పొరను పలుచబరుస్తాయి. రక్తం అందక అప్పటికే నలిగిన పేగు మీద ఇది రెండో దెబ్బ. నీళ్లు తగ్గిన ఒంట్లో కిడ్నీలకూ ముప్పే. నొప్పి ఉంటే ఆ రోజు పరుగు వద్దు. నొప్పి రాకుండా ముందుజాగ్రత్తగా వేసుకోవడం అసలే వద్దు.

పోటీ వారం

కొత్తదేదీ వద్దు. బూట్లకు ఎలాగో కడుపుకూ అంతే. అనంతపురం నుంచి కడపకో కర్నూలుకో బస్సులో వెళుతుంటే నీళ్లు ఇంటి నుంచే మోసుకెళ్లండి. చాలామంది కడుపు చెడేది పరుగులో కాదు, ముందు రాత్రి బస్టాండు దగ్గర తాగిన నీళ్లతో. ఆ నెపం మాత్రం పాపం పౌడరు మీద పడుతుంది. చక్కెర, ఉప్పు కొలిచి చిన్న పొట్లాలుగా కట్టుకోండి, ఒక్కో పొట్లం ఒక్కో సీసాకు.

మలంలో రక్తం కనిపించినా, ఇనుము మాత్ర వేసుకోకుండానే తారులా నల్లగా వచ్చినా, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా పౌడర్లు మార్చుకుంటూ కూర్చోకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎండలో పరుగెత్తినవారు పొంతన లేకుండా మాట్లాడినా, కుప్పకూలినా అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒళ్లంతా చల్లని నీళ్లు పోస్తూనే 108కి ఫోను చేయండి.

అంతా సవ్యంగా జరిగి గీత దాటాక వెంటనే కూర్చోకుండా పది నిమిషాలు నడవండి. నీళ్లు కొంచెం కొంచెంగా తాగండి, తగ్గిన ప్రతి కిలోకు రాబోయే కొన్ని గంటల్లో లీటరుంబావు నుంచి లీటరున్నర. గంటలోపు ఉప్పు వేసిన పెరుగన్నం తినండి. పెరుగు పడనివారు గుడ్డు, అన్నం. పేగులకు రక్తం తిరిగి సర్దుకోవడానికి రెండు గంటలు వదిలేయండి. ఆ తర్వాత ఉగ్గాని తినండి, బజ్జీతోనే.